వీధి చివరి చెత్త మూలను నలుగురూ కూర్చునే చోటుగా మార్చుకోవడం ఎలా

సాయంత్రం ఆరున్నరకి విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లి చూడండి. బళ్లు పక్కకి ఆపి, గోడకి ఆనుకుని నిలబడ్డ జనం కనిపిస్తారు. 1957లో దాన్ని కట్టింది కాలువలకి నీళ్లివ్వడానికి, మీద రోడ్డు నడవడానికి. షికారుకి కట్టలేదు. అయినా వస్తారు, ఎందుకంటే అక్కడ గాలి ఉంది, చూడ్డానికి కృష్ణ ఉంది, పక్కన ఇంకో నలుగురు మనుషులున్నారు. అదే టైముకి మన కాలనీల్లో ఎన్నో పార్కుల గేట్లకి తాళం ఉంటుంది. లోపల తుప్పు పట్టిన జారుడుబల్ల, దాని మీద ఎవరివో ఆరేసిన దుప్పట్లు.

నగర ప్రణాళికల్లో ఈ మధ్య ప్లేస్‌మేకింగ్ అనే మాట బాగా వాడుతున్నారు. ఖాళీ జాగాని మనుషులు కావాలని వచ్చి కూర్చునే చోటుగా మార్చడం అని దానికి అర్థం. వినడానికి కొత్తగా ఉంటుంది కానీ, మన రచ్చబండ అదే కదా. రావిచెట్టు ముందు ఉంటుంది, దాని కింద జనం చేరతారు, ఆ తర్వాత ఎవరో నాలుగు బండలు తెచ్చి వేస్తారు. ఆ వరస తిరగేసి, ముందు బండలు వేసి తర్వాత జనం కోసం చూడటం వల్లే మన పార్కులు అలా ఉన్నాయని నా నమ్మకం. ఇంటి ముందు అరుగులు కూడా ఇదే పని చేసేవి. అవి పోయి వాటి స్థానంలో షట్టర్లు, సెల్లార్ పార్కింగులు వచ్చాయి.

మాది విజయవాడలోని సింగ్‌నగర్. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కి కొంచెం అవతల, ఎప్పుడో నీళ్లు ఆగిపోయిన మున్సిపల్ కుళాయి దగ్గర ఒక ముక్కోణపు జాగా ఉంది. సెంటున్నర ఉంటుందేమో. వీధంతా చెత్త అక్కడే వేసేవాళ్లం. నేనూ వేశాను, అబద్ధం ఎందుకు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్లు వచ్చి, రోజుల తరబడి నిలిచి, పోయాక తడిసిన పరుపులు, ఉబ్బిన బీరువాలు, పాడైన ఫ్రిజ్‌లు అన్నీ ఆ మూలకే చేరాయి. వాటిని లారీల్లో ఎత్తేసిన రోజు మొదటిసారి అక్కడ నేల కనిపించింది. అప్పటి నుంచి మేం చేసినవి, చెడగొట్టుకుని మళ్లీ చేసినవి కలిపి ఇక్కడ చెబుతున్నాను. మీ జాగా కాలువ గట్టు మీదున్నా, గుంటూరులో ఏ బ్రాడీపేట అడ్డరోడ్డు మలుపులో ఉన్నా పద్ధతి ఒకటే.

ముందు ఒక వారం ఊరికే కూర్చోండి

సిమెంటు, మొక్కలు, చందాలు ఇవేవీ ఇప్పుడే వద్దు. ఒక నోట్‌బుక్కు, ఒక స్టూలు చాలు. పొద్దున ఆరున్నరకి, ఏడున్నరకి, పదకొండింటికి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఐదింటికి, రాత్రి ఎనిమిదిన్నరకి పావుగంట చొప్పున కూర్చుని ఎవరు వస్తున్నారో రాసుకోండి. ఎంతమంది, ఎంతసేపు, ఏ వైపు తిరిగి నిలబడ్డారు, దేనికి ఆనుకున్నారు. ఆదివారాన్ని విడిగా రాయండి, దాని లెక్క వేరు.

మా నోట్‌బుక్కులో మొదటి రెండు రోజులూ మాకే ఆశ్చర్యం. ఎవరూ ఆగరనుకున్న చోట పొద్దున పాల ప్యాకెట్లకి వచ్చిన ఆడవాళ్లు పది నిమిషాలు ఆగుతున్నారు. ఏడున్నరకి స్కూల్ ఆటో కోసం పిల్లలు, వాళ్లతో నానమ్మలు. పదకొండింటికి కూరగాయల బండి. మధ్యాహ్నం ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు ఇద్దరు, పక్క ఇంటి గోడ నీడ జానెడు ఉంటే ఆ జానెడులోనే బళ్ల మీద కునుకు తీస్తున్నారు. రాత్రి మగవాళ్లు బళ్లకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. అంటే ఆ చోటుకి మనుషులు ముందే ఉన్నారు. వాళ్లకి లేనివి నీడ, కూర్చోవడానికి ఆసరా. మేం జిమ్ పరికరాలు పెట్టిద్దామని అప్పటికే తీర్మానం చేసుకుని ఉన్నాం. ఆ నోట్‌బుక్కు చూశాక ఆ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇలా చూడటాన్ని ఒక శాస్త్రంగా చేసినాయన విలియం వైట్ అనే అమెరికన్. 1970లలో న్యూయార్క్ ఆఫీసు భవనాల ముందుండే ఖాళీ ప్రాంగణాల మీదికి కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటారో రోజుల తరబడి చూశాడు. తేలింది వింటే నవ్వొస్తుంది: కూర్చోవడానికి వీలున్న చోట జనం కూర్చుంటారు! ఆయన గమనించిన ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. మాట్లాడుకునే వాళ్లు పక్కకి జరగరట, జనం నడిచే దారి మధ్యలోనే నిలబడిపోతారట. మన గుమ్మం దగ్గర చుట్టాలు చెప్పులేసుకుని, వెళ్లొస్తాం అన్నాక అరగంట మాట్లాడతారే, అదన్నమాట. కాబట్టి మీ అరుగుని జనం నడిచే దారికి దూరంగా, లోపలికి దాచి పెట్టకండి.

ఇంకో లెక్క తప్పకుండా రాయండి. రాత్రి ఏడు దాటాక అక్కడ ఆగినవాళ్లలో ఆడవాళ్లెందరు? ఒక చోటు బాగుందో లేదో చెప్పడానికి వైట్ కూడా ఈ లెక్కనే చూసేవాడు. మాకు మొదటి వారంలో వచ్చిన అంకె సున్నా.

జాగా ఎవరిదో తేల్చుకోండి

మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్టు అయితే ఇరిగేషన్ వాళ్లది. పట్టాల పక్కనైతే రైల్వే. గుడి మాన్యమైతే దేవాదాయ శాఖ. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలమైతే మున్సిపల్ కార్పొరేషన్‌కి రాసిచ్చి ఉండాలి, ఆ కాగితం ఉందో లేదో అడగండి. పాత కాలనీల్లో లేఅవుట్ మ్యాపు మీద పార్కు అని ఉండి, నేల మీద ఎవరిదో కారు షెడ్డు ఉండటం మీకు తెలియంది కాదు.

వార్డు సచివాలయానికి వెళితే ప్లానింగ్ సెక్రటరీ, ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు. మొదటాయన దగ్గర జాగా సంగతి, రెండో ఆయన దగ్గర కుళాయి, డ్రైనేజీ, లైట్ల సంగతి. నోటి మాటగా అడిగితే నోటి మాటే వస్తుంది. ఒక పేజీ అర్జీ రాయండి. జాగా కొలతలు, ఫోటో, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల సంతకాలు, మీరు కోరేది ఒక్క వాక్యంలో. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వొచ్చు, నంబరు వస్తుంది కాబట్టి తర్వాత అడగడానికి ఆధారం ఉంటుంది.

అర్జీలో 'పార్కు నిర్మించగలరు' అని రాయకండి. అలా రాస్తే ఎస్టిమేట్, టెండర్, బడ్జెట్ అని ఫైలు ఎక్కడికో పోతుంది. 'చెత్త పాయింట్ తీసేయించగలరు, ఈ జాగాలో మొక్కలు నాటుకుని, ఎప్పుడైనా తీసేయగలిగే బల్లలు వేసుకోవడానికి మాకు అనుమతి ఇవ్వగలరు' అని రాస్తే, అవునో కాదో చెప్పడం అవతలి వాళ్లకీ తేలిక. మా మొదటి అర్జీ పార్కు కోసమే. నాలుగు నెలలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగింది. రెండోది మూడు వారాల్లో తేలింది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరుంటే పిల్లలు తిరిగే చోటు కాబట్టి కంచె ముందు వేయించాలి. కరెంటు వాళ్లకి 1912 నంబరుంది. కంచె పడేదాకా అక్కడ కుర్చీ కూడా వేయకండి.

మీటింగ్ పెట్టకండి, ఇంటింటికీ వెళ్లండి

మైకు పెట్టి మీటింగ్ పెడితే మాట్లాడేది నలుగురే, ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే. ఇంటింటికీ వెళ్లండి. వెళ్లినప్పుడు 'ఇక్కడ ఏం కావాలి?' అని అడగొద్దు. అలా అడిగితే జిమ్, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్ అంటారు, లేదా ఏదైనా విగ్రహం అంటారు. 'సాయంత్రం పూట మీరు ఎక్కడ కూర్చుంటారు? పిల్లల్ని ఎక్కడ ఆడిస్తారు? ఈ మూలకి ఎందుకు రారు?' అని అడగండి. మా వీధిలో ఒక మామ్మగారు చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది. 'అక్కడ కూర్చుంటే లేవడానికి పట్టుకునేది ఏదీ లేదు బాబూ.' ఆవిడ సమస్య చెత్త కాదు, దోమలు కూడా కాదు. మోకాళ్లు.

ఆ జాగాకి గోడ కలిసిన ఇంటివాళ్లతో అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువసేపు మాట్లాడండి. రాత్రిళ్లు గోల, కిటికీలోకి పొగ, గేటుకి అడ్డంగా బళ్లు, ఇవన్నీ పడేది వాళ్లు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆపేయండి. గొడవపడి కట్టిన అరుగు మీద ఎవరూ హాయిగా కూర్చోలేరు.

చెత్త ఆపడం

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది. ఒక రోజు శుభ్రం చేసి, 'ఇక్కడ చెత్త వేయరాదు' బోర్డు పెట్టి, ఫోటో దిగి వెళితే మూడో రోజుకి ఆ బోర్డు కిందే కవర్లు ఉంటాయి. ఎవరు, ఏ టైములో వేస్తున్నారో నోట్‌బుక్కులో ఉండాలి. మా దగ్గర తేలిందేమిటంటే, సగం మంది చెత్త బండి వచ్చే టైముకి ఇంట్లో ఉండరు. పొద్దున ఆరుకే పనికి వెళ్లేవాళ్లు. వాళ్లని తిట్టి లాభం లేదు. పక్కింటివాళ్లు వాళ్ల బకెట్ కూడా బండికి ఇచ్చేలా మాట్లాడుకున్నాం. మిగతా సగం, రాత్రి బండి మీద వెళుతూ విసిరేసేవాళ్లు. వాళ్ల కోసం మూలలో ఒక బల్బు, నేల మీద పెద్ద ముగ్గు.

ముగ్గు మీద చెత్త వేయడానికి చెయ్యి రాదు. ఇది నేను కనిపెట్టింది కాదు, మా వీధి ఆడవాళ్లు చెప్పి చేసి చూపించారు. ఇరవై రోజులు పొద్దున్నే వంతులవారీగా ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గేశారు. ఇరవై ఒకటో రోజు వర్షం పడి ముగ్గు పోయింది, ఆ రాత్రి రెండు కవర్లు పడ్డాయి. మళ్లీ వేశారు. మొదటి నెలన్నర ఇది తప్పదు. దేవుడి బొమ్మల టైల్స్ మాత్రం గోడకి అతికించకండి. చెత్త ఆగుతుంది గానీ, తర్వాత అక్కడ చెప్పులేసుకుని కూర్చోవడం కష్టమవుతుంది, కొన్నాళ్లకి హుండీ వస్తుంది.

కట్టే ముందు కుర్చీలు వేసి చూడండి

ఇదే అసలైన అడుగు అంటాను. ఏదీ పాతకుండా, ఏదీ పోత పోయకుండా ఒక నెల ఆ చోటుని నడిపి చూడండి. శనివారం, ఆదివారం సాయంత్రాలు టెంట్ హౌస్ నుంచి పది ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరింట్లోదైనా ఒక నవారు మంచం, ఒక క్యారమ్ బోర్డు. వేసవి అయితే చలివేంద్రం పెట్టండి. రెండు కుండలు, మీద తడిగుడ్డ, స్టీలు గ్లాసులు, పైన తాటాకు పందిరి. దారినపోయేవాణ్ణి ఆపి, నీడలో నిలబెట్టి, పరిచయం లేని మనిషితో రెండు ముక్కలు మాట్లాడించే ఏర్పాటు మన దగ్గర ఇంతకంటే చవకైంది ఇంకోటి లేదు.

మొదటి శనివారం మేం కుర్చీలని గుండ్రంగా, అందంగా వేశాం. ఏడింటికల్లా ఆ గుండ్రం పోయింది. మామ్మగారు కుర్చీని ఈడ్చుకుంటూ వెళ్లి కిరాణా కొట్టు లైటు పడే చోట వేసుకున్నారు, వీపు గోడకి, మొహం రోడ్డుకి. ఇద్దరు పిల్లల తల్లి తన కుర్చీని ఆవిడ పక్కకి కాకుండా కొంచెం ఏటవాలుగా తిప్పుకుంది, అటు పిల్లలు కనిపించాలి, ఇటు మాట కలవాలి. ఇంటర్ చదివే కుర్రాళ్లు కుర్చీలు వదిలేసి కుళాయి దిమ్మె ఎక్కారు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు వేసిన మూడు కుర్చీలూ అలాగే ఖాళీగా ఉన్నాయి. ఎనిమిదింటికి మా అబ్బాయి చాక్‌పీసుతో ప్రతి కుర్చీ కాళ్ల చుట్టూ గీతలు గీశాడు. నాలుగు వారాలు అలాగే గీశాం. ఆఖరికి గీతలన్నీ రెండు చోట్ల గుంపు కట్టాయి, ఎల్ అక్షరం ఆకారంలో. మా బండలు ఇప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే. ఏ డ్రాయింగూ గీయించలేదు.

ఈ నెలలో ఎవరూ రాలేదనుకోండి, అప్పుడు కూడా లాభమే. కుర్చీలు టెంట్ హౌస్‌కి తిరిగి ఇచ్చేయండి. పోయింది అద్దె మాత్రమే.

నీడ

బెజవాడలో నీడ లేని బల్ల ఏడాదిలో సగం రోజులు పనికిరాదు. బ్లేజ్‌వాడ, అంటే మండే ఊరు, అని పేరు కూడా ఉంది కదా. 2016 పుష్కరాలకి వెడల్పు చేసిన ఘాట్ల మెట్ల దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం ఒకసారి నిలబడి చూడండి, నది పక్కనే ఉన్నా కాళ్లు కాలతాయి.

చెట్టు ఎటువైపు నాటాలన్నది చాలామంది ఆలోచించరు. మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరాన పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే గోడ నీడని నమ్ముకుంటే ఆ టైములో ఏమీ మిగలదు, కొమ్మలు నెత్తి మీదికి రావాల్సిందే. అస్తమించేది కూడా పడమటికి కొంచెం ఉత్తరంగా. జనం వచ్చేది నాలుగు తర్వాత కాబట్టి, బల్లలకి పడమర, వాయవ్యం వైపు ముఖ్యమైన చెట్టు ఉండాలి. మేం మొదట తూర్పున నాటాం, ఎందుకంటే అటు గుంట తవ్వడం తేలికైంది. పొద్దున ఎనిమిదింటికి కాస్త నీడ వచ్చేది, కూర్చునేవాళ్లు లేరు. రెండో చెట్టు సరైన చోట పడింది.

ఏ చెట్టు? కానుగ అంటాను. వేసవికి ముందే పాత ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి కొత్త చిగురుతో దట్టంగా ఉంటుంది, గొడుగులా పరుచుకుంటుంది, పెద్దగా సేవ అడగదు. వేప కూడా మంచిదే, కొంచెం ఓపిక పట్టాలి. రావి వద్దు. నాటడం సులువే, వేళ్లు పక్కింటి గోడలోకి వెళ్లాక కొట్టేయడానికి ఎవరికీ మనసు రాదు, దారం చుట్టేస్తారు. నిద్రగన్నేరు నీడ గొప్పది గానీ గాలివానకి పెద్ద పెద్ద కొమ్మలు విరిగిపడతాయి, ఇరుకు జాగాలో పెట్టకండి. కోనోకార్పస్ అనే విదేశీ మొక్కని ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో ఆరడుగులు దాటినదాన్ని, కాండం బొటనవేలి కంటే లావున్నదాన్ని ఎంచుకోండి. మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గుంట. మాది నల్లమట్టి, నీళ్లు నిలుస్తాయి, అందుకని అడుగున ఇటుక ముక్కలు వేసి, పైన మట్టిలో మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపాం. జూలైలో మంచి వాన పడ్డాక నాటితే సగం పని వానే చేస్తుంది. మొదలు చుట్టూ నాలుగడుగుల చదరం మట్టిగానే వదిలేయండి. శుభ్రంగా ఉంటుందని కాండం దాకా సిమెంటు పోసేవాళ్లున్నారు, వాళ్లని ఆపండి. పైన కరెంటు తీగలుంటే ఆ చోటు వదిలేయండి.

చెట్టు నీడకి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా మార్చి నుంచి జూన్ వరకు తాటాకు పందిరి. ఆకుపచ్చ నెట్ చవకే, కానీ దాని కింద ఉక్క. తాటాకు కింద కూర్చున్నవాడు మళ్లీ నెట్ కిందికి రాడు.

కూర్చునే బండ

ఎత్తు పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాలు. ఇంతకంటే తక్కువైతే మామ్మగారి మోకాళ్లు ఒప్పుకోవు, ఎక్కువైతే పిల్లల కాళ్లు వేలాడతాయి. లోతు పద్దెనిమిది అంగుళాలు, మఠం వేసుకుని కూర్చునేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక బండ మాత్రం రెండున్నర అడుగులు పెట్టండి. మధ్యాహ్నం ఎవరైనా దాని మీద పడుకుంటారు. పడుకోనివ్వండి. బల్ల మధ్యలో ఇనప కడ్డీలు పెట్టి, మనిషి నడుం వాల్చకుండా చేసే తెలివి మన వీధులకి అక్కర్లేదు. కనీసం రెండు చోట్ల వీపుకి ఆనుకునేందుకు, లేచేటప్పుడు చెయ్యి పెట్టి పట్టుకునేందుకు ఏర్పాటు ఉండాలి.

స్టీలు బల్లలు వద్దు. మాకో పెద్దమనిషి ప్రేమగా ఇచ్చారు, వీపు ఆనించే చోట తల్లిదండ్రుల పేర్లు పెద్దక్షరాల్లో వేయించి. మే నెలలో పొద్దు వాలేదాకా దాని మీద చెయ్యి పెట్టలేకపోయాం. నల్ల గ్రానైటు కూడా అంతే. కడప బండ గట్టిది, చవక, కానీ అదీ నల్లదే, పూర్తి నీడలో ఉంటేనే వేయండి. లేతరంగు బేతంచర్ల బండ మాకు బాగా కుదిరింది. రెండంగుళాల మందం, కింద ఇటుక కట్టడం, అంచులు చేత్తో తడిమితే గుచ్చుకోకుండా నున్నగా అరగదీయించండి. పైభాగం అర అంగుళం వాలుగా ఉంటే వాన నీళ్లు నిలవవు.

బల్లలన్నీ ఒకే వరసలో వేస్తే బస్టాండు అవుతుంది. పక్కపక్కన కూర్చున్న ముగ్గురు మాట్లాడుకోలేరు, మధ్యవాడి మెడ నొప్పి పుడుతుంది. ఎల్ ఆకారంలో మూల కలిపితే కొత్తవాళ్లు కూడా తేలిగ్గా మాట కలుపుతారు. నాలుగైదు కుర్చీలు ఎప్పుడూ ఉంటే ఇంకా మంచిది. వైట్ కూడా కదిలే కుర్చీల వైపే. మనిషి కూర్చునే ముందు కుర్చీని ఒక అంగుళం అయినా జరుపుకుంటాడని రాశాడు. మా కుర్చీలు రాత్రిళ్లు కిరాణా కొట్లో ఉంటాయి, ఇప్పటికి ఒకటి పోయింది.

దిమ్మె కట్టొద్దు

ఇది మన ఊరికి ప్రత్యేకం. మధ్యలో చదరంగా, నడుమెత్తున ఏదైనా కట్టారంటే, ఆర్నెల్లలో దాని మీద జెండా కర్ర వస్తుంది. తర్వాత దానికో రంగు, ఆ తర్వాత విగ్రహం. రెండో పార్టీవాళ్లు ఊరుకోరు కదా, ఎదురుగా ఇంకోటి. రోడ్లు, పేవ్‌మెంట్ల మీద, అలాంటి ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకి అనుమతులు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలని ఆదేశించింది, వీధులు, పార్కుల్లో అనుమతి లేని గుడి, మసీదు, చర్చి కట్టడాలు రాకుండా చూడమని 2009లోనే చెప్పింది. ఆ ఉత్తర్వుల కాపీలు దగ్గర పెట్టుకోండి, కానీ కాగితం కంటే ఆకారం బాగా పనిచేస్తుంది. ఎత్తుగా ఏదీ లేకుండా, మధ్య జాగా ఖాళీగా, కూర్చునేవన్నీ అంచుల్లో ఉంటే నిలబెట్టడానికి చోటే దొరకదు. ఆ మధ్య ఖాళీలోనే పిల్లలు ఆడతారు, వినాయక చవితి పందిరి పడుతుంది, తొమ్మిది రోజుల తర్వాత వెళ్లిపోతుంది. అలా వచ్చి పోయేవాటితో ఏ పేచీ లేదు.

రంగుల సంగతి కూడా అంతే. బండకి పెయింట్ వేయకపోతే ఏ పార్టీ రంగు అన్న గొడవే ఉండదు.

బళ్లు, లైటు, టీ బండి

మీ అసలు శత్రువు టూ వీలర్. నీడ, చదునైన నేల కనిపిస్తే చాలు, పార్కింగ్ అయిపోతుంది. మొదట మేం అడుగున్నర ఎడంతో రాళ్లు పాతాం. బళ్లు ఆగాయి, వీల్‌చైర్‌లో వచ్చే మా ఎదురింటాయన కూడా ఆగిపోయారు. వీల్‌చైర్‌కి మూడడుగులు కావాలి, మూడడుగుల్లో బండీ దూరుతుంది. చివరికి దొరికిన ఉపాయం ఏమిటంటే, దారి మూడున్నర అడుగులు వదిలి, లోపలికి రాగానే ఎదురుగా ఒక పూలకుండీ పెట్టి మలుపు తిప్పడం. వీల్‌చైర్ నెమ్మదిగా తిరుగుతుంది. బండిని దిగి, తోసి, వెనక్కీ ముందుకీ తిప్పాలంటే బద్ధకం. ఎవరూ తేవడం లేదు.

లైటు ఒక్కటి, పసుపు రంగుది, పది పన్నెండు అడుగుల ఎత్తులో, కిందికి మాత్రమే పడేలా. ఫ్లడ్ లైటు పెడితే అందరూ నేరస్థుల్లా కనిపిస్తారు, పక్కింటివాళ్లకి నిద్ర ఉండదు. మొహాలు కనపడితే చాలు. వచ్చిపోవడానికి రెండు దారులున్నాయో లేదో చూడండి. ఒక్కటే దారి ఉండి, దాని దగ్గర మగవాళ్లు నిలబడితే ఆడవాళ్లు లోపలికి రారు. కుళాయి దిమ్మె వెనక సందు తెరిపించాక మా నోట్‌బుక్కులో సున్నా మూడైంది, తర్వాతి నెలకి ఎనిమిది.

టీ బండినో, పునుగుల బండినో తరిమేద్దామనే వాళ్లు ప్రతి వీధిలో ఇద్దరుంటారు. తరమకండి. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా అక్కడ కాపలా ఉండే మనిషి ఆయనొక్కడే, అదీ జీతం లేకుండా. 2014 వీధి వ్యాపారుల చట్టం వచ్చాక వాళ్లకి గుర్తింపు కార్డులు, టౌన్ వెండింగ్ కమిటీలో ప్రతినిధులు ఉన్నారు, ఇష్టమొచ్చినట్టు లేపేయడానికి లేదు. ఆయనతో మాట్లాడుకోవాల్సినవి రెండే. నూనె డ్రైనేజీలో పోయొద్దు. పేపర్ ప్లేట్లకి సంచి ఆయనే పెట్టుకుని ఆయనే తీసుకెళ్లాలి. పెద్ద డస్ట్‌బిన్ మీరు పెట్టారంటే, అది మళ్లీ చెత్త పాయింట్.

పేకాట, మందు గురించి అందరికీ టెన్షన్. బోర్డులు, సీసీ కెమెరాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ టైములో ఇంకెవరో అక్కడ ఉండేలా చేయండి. మా దగ్గర రాత్రి తొమ్మిదిన్నరకి ముగ్గురు రిటైర్డ్ మాస్టార్లు కూర్చుని పేపర్ మొత్తం చర్చిస్తారు. వాళ్ల పక్కన కూర్చుని సీసా తీయడం ఎంతటివాడికైనా కష్టం.

తర్వాత చూసేదెవరు

కమిటీకి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు అని పెట్టుకుంటే బ్యానర్ మీద ఫోటోల సైజు దగ్గర గొడవ వస్తుంది. ఇద్దరు చాలు, ఒకరు డబ్బుల పుస్తకం, ఒకరు నీళ్ల వంతులు. నెలకి ఇంటికి యాభయ్యో వందో, ఇవ్వలేని వాళ్లు వారంలో ఒక రోజు మొక్కలకి నీళ్లు. జమాఖర్చు కాగితం కిరాణా కొట్టు తలుపుకి అంటించండి. ఊడ్చే ఆవిడకి మనిషికి ఇచ్చినట్టు డబ్బు ఇవ్వండి, పండక్కి చీర ఇచ్చి సరిపెట్టకండి. మున్సిపల్ కార్మికుల పని వేరు, ఇది వాళ్ల నెత్తిన వేసేది కాదు.

వానాకాలానికి ముందు పందిరి విప్పేయండి, గాలివాన వచ్చాక విప్పడానికి ఏమీ మిగలదు. పక్క డ్రైను పూడిక తీయించండి, బండల కింద ఇటుకలు కదిలాయేమో కాలితో తన్ని చూడండి. కదిలిన రాయిని ఆ వారమే బాగు చేయించాలి. ఒకటి విరిగి అలాగే ఉంటే రెండోదాన్ని విరగ్గొట్టడానికి జనం మొహమాటపడరు.

ఏడాదికోసారి మళ్లీ ఆ నోట్‌బుక్కు తీసి వారం రోజులు రాయండి. మాకు రెండోసారి రాసినప్పుడు తెలిసింది, ఇంటర్ కుర్రాళ్లు రావడం మానేశారని. అడిగితే, మాస్టార్లు మార్కులు అడుగుతున్నారట. వాళ్ల కోసం ఇప్పుడు కుళాయి వెనక సందులో ఇంకో బండ వేస్తున్నాం, మాస్టార్లకి వినపడనంత దూరంలో.

చివరగా ట్రీగార్డు. మొక్క నాటిన రోజు దానికి ఇనప గార్డు తప్పనిసరి, లేకపోతే మేకలు, ఆవులు బతకనివ్వవు. కానీ దాన్ని తీయాల్సిన రోజు ఎవరికీ గుర్తుండదు. ఊళ్లో ఎన్నో చెట్ల కాండాల్లోకి ఆ కడ్డీలు దిగబడిపోయి కనిపిస్తాయి. కాండం మణికట్టు కంటే లావు కాగానే మొక్కకి కట్టిన తాడు వదులు చేయండి, గార్డుకి నాలుగు వేళ్ల దూరంలోకి రాగానే వెల్డింగ్ వాణ్ణి పిలిచి కోయించేయండి. ఆ ఇనుము పాత సామాన్ల వాడికి వేస్తే తర్వాతి మొక్క డబ్బులు వస్తాయి.